డబ్బాలో ఎన్ని మిగిలాయి

డ్వేన్ సోరెల్ ఆ నీలం కంప్యూటర్ మూత విప్పి, లోపలి బ్యాటరీ పీకి సాసర్‌లో పడేశాడు. అది ఎప్పుడో చచ్చిన బ్యాటరీ. అది లేకపోతే ఆ కాలం యంత్రాలకి ఏదీ గుర్తుండదు. తేదీ అడిగితే 1970 అంటాయి, పాపం.

శాన్ హొసేలో మే నెల, పొద్దున పదకొండు. గరాజ్ తలుపు తెరిచే ఉంది. బల్లకి అటుపక్క కొరీన్ అబేటా డోనట్ల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఆవిడ తమ్ముడు ఎల్లిస్ 1997లో కారు ప్రమాదంలో పోయాడు. ఈ కంప్యూటర్ మీద రాత్రి షిఫ్టు వాడిది, పగటి షిఫ్టు డ్వేన్‌ది. వాళ్లిద్దరూ పనిచేసిన కంపెనీ మూసేశాక ఆవిడ దీన్ని ఇంటికి తెచ్చుకుని అల్మారాలో దాచింది.

"ముఖం గుర్తుంది డ్వేన్. గొంతే పోయింది నా బుర్రలోంచి. ఎంత తలుచుకున్నా రావట్లేదు. వాడు మైకు పెట్టుకుని దీన్లో ఏదో ఒకటి వాగేవాడుగా. అది కావాలి నాకు."

"ఉంటే తీస్తా. కానీ నిన్న దీని డిస్కు తిరిగితే శబ్దం విన్నావుగా, కంకర నమిలినట్టు? ఇంకొక్కసారి తిరుగుతుందేమో. రెండోసారికి నా హామీ లేదు."

"అయితే ముందు చేతులు కడుక్కో. ఆ పంచదార వేళ్లతో మా వాణ్ణి ముట్టుకోకు."

డ్వేన్ నవ్వి, చేతులు కడుక్కొచ్చి, పాత డిస్కు తీగ ఊడదీసే ఉంచాడు. ముందు యంత్రం ఒక్కటే లేస్తుందో లేదో చూడాలి. స్విచ్ వేశాడు. చిన్న గంటల పాట మోగింది. తెర మీద ఆ పాత జాబితా వచ్చింది, అయిదు వరసలు. ఒకటి నొక్కితే యంత్రం మొదలు. రెండు, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కించడం. మూడు, పరీక్ష. నాలుగు, బాగుచేత. పేరు చూసి మోసపోకూడదు, నాలుగు నొక్కితే డిస్కంతా తుడిచేసి, డ్రైవ్‌లో ఉన్న సీడీ నుంచి మళ్లీ రాస్తుంది. డ్వేన్ సీడీ డ్రైవ్‌లోనే ఉంది. అయిదు నొక్కితే మనమే ఆజ్ఞలు టైపు చెయ్యొచ్చు.

అయిదు నొక్కి, నీకేం గుర్తుందో చెప్పమన్నాడు. ఏమీ లేదు. తయారుచేసినవాళ్లు పెట్టిన వరసలు, తేదీ 1970.

"ఇక్కడే ఒకరికొకరు చీటీలు రాసి పెట్టుకునేవాళ్లం నేనూ ఎల్లిస్," అన్నాడు. "కాగితం పోతుంది, ఇది పోదు కదా అని. ఆఫీసులో వెధవలు మా పేర్లతో దొంగ చీటీలు రాస్తుంటే ఒక ఒప్పందం చేసుకున్నాం. వంటగది డబ్బాలో ఎన్ని డోనట్లు మిగిలాయో చివర రాయాలి. అది లేకపోతే ఆ చీటీ నమ్మకూడదు."

"మీ ఇద్దరికీ పనేం లేదా?"

"జీతం ఇచ్చేది దానికే అనుకున్నాం."

యంత్రం ఆపి, తన సొంత డిస్కు తగిలించి మళ్లీ వేశాడు. పాత డిస్కు ఇంకా పక్కనే, తీగ లేకుండా పడుంది. జాబితా వచ్చింది. అయిదు నొక్కాడు. గుర్తున్నవి చెప్పమన్నాడు.

ఈసారి చివర ఒక వరస ఎక్కువుంది.

*డ్వేన్, నాలుగు నొక్కు. నేను లోపలే ఉన్నాను.*

డ్వేన్ సాసర్ వైపు చూశాడు. బ్యాటరీ అక్కడే ఉంది. బయట పక్కింటివాళ్ల గడ్డి కోసే మిషన్ ఎందుకో అప్పుడే ఆగిపోయింది.

కొరీన్ లేచి వచ్చి చదివింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడే! నొక్కు డ్వేన్."

"లోపలంటే ఆ పాత డిస్కే, అది తగిలించి నాలుగు నొక్కితే మొత్తం తుడుచుకుపోతుంది. గొంతూ పోతుంది."

"వాడు నొక్కమంటున్నాడు కదా! లోపల ఉన్నానంటున్నాడు కదా!"

డ్వేన్ చెయ్యి పాత డిస్కు తీగ మీదికి వెళ్లింది కూడా. అంతలో వరస చివర మళ్లీ చూశాడు.

"లెక్క లేదు," అన్నాడు.

"చచ్చిపోయినవాడికి డోనట్ల లెక్కేం గుర్తుంటుందయ్యా!"

"ఎల్లిస్ జ్వరంతో వణుకుతూ కూడా లెక్క రాసేవాడు కొరీన్. ఇది వాడు కాదు."

ఆవిడ అతన్ని కోపంగా చూసింది. తర్వాత కుర్చీలో కూలబడి, "నీ ఇష్టం," అంది.

డ్వేన్ యంత్రం ఆపి, పాత డిస్కు తగిలించి, మళ్లీ వేసి అయిదు నొక్కాడు. తన డిస్కు మీంచే మొదలవ్వమని టైపు చేశాడు. అలాగైతే పాతదాన్ని చదవడమే, దాని మీద ఒక్క అక్షరం రాయడం ఉండదు. డిస్కు కంకర నమిలింది. నలభై నిమిషాలు ఒక్కో ఫైలూ తన డిస్కు మీదికి దింపాడు. ఆఖరి ఫైలు దిగగానే పాత డిస్కు టక్కుమని ఆగిపోయింది. అంతే, ఇక అది లేవదు.

పనికొచ్చే శబ్దం ఫైలు ఒక్కటే దొరికింది.

"మైకు పనిచేస్తోందా... ఒరేయ్ ముసలోడా, తెల్లారిపోయింది, నేను పోతున్నా. మా అక్క ఫోన్ చేస్తే నిద్రపోయాడని చెప్పు. డబ్బాలో రెండు మిగిలాయి. రెండూ నీకే, ఏడవకు."

కొరీన్ ఏడుస్తూనే నవ్వింది. "దొంగ వెధవ! ఒక్కనాడూ ఫోన్ ఎత్తింది లేదు." మళ్లీ వినిపించమంది. అయిదుసార్లు వింది.

ఆవిడ ముఖం కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్లింది. డ్వేన్ డిస్కులు రెండూ ఊడదీశాడు. కొత్త బ్యాటరీ పెట్టే ముందు ఎందుకో ఇంకోసారి స్విచ్ వేశాడు. గంటల పాట, జాబితా, అయిదు.

*డ్వేన్, నాలుగు నొక్కు. నేను లోపలే ఉన్నాను. ఏడు.*

అతను మెల్లిగా డోనట్ల డబ్బా మూత ఎత్తి లెక్కపెట్టాడు. మళ్లీ ఇంకోసారి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

ఏడు.

"ఏమంటోంది?" గుమ్మంలోంచి అడిగింది కొరీన్, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ.

"ఏం లేదు. 1970 అంటోంది."

గోడలోంచి ప్లగ్గు పీకేశాడు. కొత్త బ్యాటరీ పొట్లం విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. తెర చీకటైపోయింది. లెక్క లేదని తను పైకి అన్నది దీని ముందే.