బిజిలీకి కుట్టిన కోటు

పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ కుక్క పేరు బిజిలీ. పంజాబ్‌లో పందేలు ఉరికి, కప్పులు గెలిచి, చివరికి కాలు విరిగి ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కుక్కల్ని కాపాడే వాళ్లెవరో దాన్ని హైదరాబాద్ తెచ్చి, పెంచుకునేవాళ్లు కావాలని అడిగితే, శివరాములు కొడుకు జగదీశ్ నేనున్నానని చెయ్యెత్తాడు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో కింద కుట్టు దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లోకి దిగింది ఈ మెరుపు. జగదీశ్ ఎత్తుకుని పైకి తెచ్చిన రోజే అది శివరాములు మంచమెక్కి పడుకుంది.

"ఏందిరా ఇది? కుక్కనా, మేకనా?" అన్నాడు శివరాములు.

"గ్రేహౌండ్ నాయినా. గంటకు అరవై కిలోమీటర్లు ఉరుకుతది."

"ఉరుకుడు దేవుడెరుగు, మెట్లెక్కుతలేదు గదరా!"

నిజమే. దానికి మెట్లంటే ఏమిటో తెలియదు. పుట్టినప్పటి నుంచీ గూడు, మైదానం తప్ప మరో లోకం చూడలేదు. శివరాములు భార్య మణెమ్మ ఒక్కో మెట్టు మీద ఒక్కో కాలు పట్టి పెడుతూ పసిపిల్లకు నేర్పినట్టు నేర్పింది. అది మిగతా కుక్కల్లా కూర్చోదు. అయితే నిలబడుతుంది, లేకపోతే నాలుగు కాళ్లూ పైకెత్తి పడుకుంటుంది. దుకాణంలోని నిలువుటద్దంలో తనను తానే చూసుకుని జడుసుకుని మణెమ్మ కొంగు చాటుకు పోతుంది.

"వేటకుక్కట! తన మొకం చూసి తనే భయపడుతది," అని వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పి నవ్వేవాడు శివరాములు.

ఆయన నోరు ఆ సందులో అందరికీ తెలిసిందే. సిరిసిల్ల నుంచి వచ్చి మార్కండేయ టైలర్స్ బోర్డు కట్టినప్పటి నుంచి ఆయన కంటికి సరిగ్గా బట్ట కట్టిన మనిషి ఒక్కడూ ఆనలేదు. చిరుగుల ప్యాంట్ల కోచింగ్ పిల్లల్ని చూస్తే "పైసలిచ్చి చింపిచ్చుకున్నరు, పాపం," అనేవాడు. పంజాగుట్టలో అద్దాల రెడీమేడ్ షోరూముల మీదుగా పోవాల్సి వస్తే మొహం అటు తిప్పుకునేవాడు. గోనెసంచులకు గుండీలు కుట్టి అమ్ముకునే దొంగలని వాళ్ల మీద ఆయన తీర్పు. ఆ తీర్పుకు అప్పీలు లేదు.

కుక్క వచ్చాక ఎదురింటి అచ్యుతరావుకు కూడా నోరు లేచింది. ఆయనది భీమవరం వైపు. రిటైరయ్యాక పొద్దున్నే బాల్కనీలో నిలబడి సందు మొత్తాన్ని పరిపాలిస్తుంటాడు.

"ఏంటండీ శివరాములు గారూ, దానికి తిండి పెట్టట్లేదా ఏంటి? డొక్కలు కనబడుతున్నాయి. మూగజీవమండీ, పాపం తగులుతుంది!"

శివరాములుకు ఒళ్లు మండిపోయింది. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం కోడికూర అన్నం, సాయంత్రం పెరుగు. ఇంటాయనకు మాత్రం ఉప్మా. "దాని జాతే అంత సార్. మీరు జర పక్కకు జరగండి, మాకు ఎండ తగుల్తలేదు," అన్నాడు. అచ్యుతరావు బానపొట్ట బాల్కనీ కమ్మీ దాటి ముందుకు వచ్చి ఉంటుంది. సందులో అందరూ నవ్వారు.

ఒకరోజు జగదీశ్ ఫోన్‌లో దాని పాత ఫొటో చూపించాడు. మైదానం, చుట్టూ జనం, మధ్యలో ఇదే కుక్క. ఒంటికి అతుక్కున్న ఎర్ర సాటిన్ జాకెట్, కడుపు కింద పట్టీ. చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్లంతా బిగబట్టుకుని ఉంది.

"ఈ జాకెట్ తొడిగిండ్రంటే ఇగ ముందర గుంజుకపొయ్యే గుడ్డబొమ్మ ఎంట ఉరకాల్నన్నట్టు. ఓడిపోతే తోలుపట్టతోని కొట్టెటోళ్లట నాయినా. వీపు మీద గీతలు చూడు, గవే."

శివరాములు కళ్లజోడు సర్దుకుని, ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. కొడుకు మొహంలో చిన్న ఆశ కనిపించింది.

"ఎవడు కుట్టిండోగని జాకెట్ మస్తు కుట్టిండురా. భుజం కాడ ఒక్క ముడత లేదు," అన్నాడు శివరాములు.

"నేనేం చెప్తున్న, నువ్వేం చూస్తున్నవ్?"

"విన్నలేరా. కొట్టకుంటే ఎట్ల ఉరుకుతది? మా ఉస్తాద్ నన్ను గజంకట్టెతోని కొట్టలేదా, నాకు పని రాలేదా?"

జగదీశ్ ఫోన్ లాక్కుని పైకి పోయాడు.

చలి ముదిరిన రోజుల్లో జగదీశ్‌ను ఆఫీసు వాళ్లు పుణె పంపించారు. పోతూ పోతూ ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. కాలులో స్టీలు పట్టీ ఉంది. నడవొచ్చు, పరిగెత్తకూడదు. ఇంకోసారి విరిగితే ఆ కాలు తీసెయ్యక తప్పదని డాక్టర్ అన్నాడు. తాడు చేతిలోంచి వదలొద్దు.

"ఫికర్ చెయ్యకు పో. మంచం మీదికెల్లి దిగని కుక్కను చూసుకునుడు సుత ఒక పనేనా? కాలు నా పూచీ," అన్నాడు శివరాములు. అందరి ముందూ అన్నాడు. మణెమ్మ విన్నది, అచ్యుతరావు విన్నాడు, సందు మలుపులో ఆటో హనుమాండ్లు కూడా విన్నాడు.

ఆ మర్నాడు ఆన్‌లైన్ నుంచి ఒక ప్యాకెట్ వచ్చింది. జగదీశ్ కుక్కకని తెప్పించిన చలికోటు. బూడిద రంగు, దుప్పటి ముక్కలా మందం. శివరాములు దాన్ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టినట్టు పట్టుకున్నాడు. లోపలి వైపు తిప్పి కుట్టు చూశాడు. దారం గుంజితే వచ్చేసింది.

"థూ! గిదొక కోటా? మెడ కాడ ఇద్దరు దూరొచ్చు. టైలర్ ఇంట్ల కుక్కకు రెడీమేడ్ తెప్పిస్తడా వాడు? ఎవడన్న చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"దానికి చలి ఆగుతె సాలదా? ఎయ్యరాదు," అంది మణెమ్మ.

"నీకేం ఎరుక. నువ్వు జరుగు."

కుక్క మీద ప్రేమతో కాదు సుమా. ఆ మాట ఎవరైనా అంటే ఆయన కత్తెర విసురుతాడు. రెడీమేడ్ మీద కోపంతో తనే ఒక కోటు కుట్టాడు. ఏదో పెళ్లి లెహెంగాలో మిగిలిన ఎర్ర సాటిన్ తీశాడు, లోపలికి మెత్తటి ఫ్లానెల్ వేశాడు. పడుకున్న కుక్కకే టేపు పెట్టి కొలతలు తీశాడు. "ఛాతీ గింత, నడుం గింతేనా! హీరోయిన్లు ఏడ్వాలె దీన్ని చూసి," అని గొణిగాడు. అది కళ్లు కూడా తెరవలేదు. కటింగ్ మాత్రం ఆ ఫొటోలోదే. కొడుకును మళ్లీ ఫొటో పంపించమని అడగలేదు. ఒకసారి చూసిన కుట్టు ఆయన మరిచిపోడు. ఆ ఫొటోలో ఉన్న మిగతాదంతా మరిచిపోయాడు, అంతే.

ట్రయల్ లేకుండా బట్ట గడప దాటించడం మార్కండేయ టైలర్స్ చరిత్రలోనే లేదు. అదీ ట్యూబులైటు కింద కాదు, బయట సూర్యుడి వెలుతురులో. పెళ్లికొడుకులనైనా సరే సందులోకి నడిపించి, చుట్టూ తిరిగి చూసిగానీ "పో, ఇగ తాళి కట్టుకో" అనేవాడు కాదు. కుక్కనూ అలాగే సందులోకి తెచ్చాడు. కోటు తొడిగాడు. కడుపు కింద పట్టీ బిగించాడు.

బిజిలీ మారిపోయింది. చెవులు లేచాయి. మెడ సాగింది. వీపు విల్లులా వంగి, తొడల మీద నరాలు తేలి, ఒళ్లంతా సన్నగా వణకడం మొదలుపెట్టింది. గొంతులోంచి ఒక సన్నటి కూత వచ్చింది. ఆ ఇంటికి వచ్చాక అది నోరు విప్పడం అదే మొదలు.

శివరాములు ఛాతీ పొంగిపోయింది.

"చూసినవానే మణెమ్మా! మంచి బట్ట పడితే కుక్కకు సుత ఎట్ల ఒళ్లు నిలవడ్డదో! అచ్యుతరావు సార్, జర ఇటు చూడండి, డొక్కలు కనవడ్తున్నయా ఇప్పుడు?"

"అది వణుకుతుందయ్యా," అంది మణెమ్మ గడపలోంచి.

"ఖుషీతోని."

పట్టీ దగ్గర చిన్న ముడత కనిపించింది. అచ్యుతరావు చూస్తుండగా ముడత ఉండటమా! గుండుసూది పెట్టడానికి రెండు చేతులూ కావాలి. తాడును చెప్పు కింద తొక్కిపట్టి వంగాడు. సరిగ్గా అప్పుడే కోచింగ్ సెంటర్ ముందు నుంచి ఒక అమ్మాయి స్కూటీ తీసింది. వెనక ఆమె తెల్ల చున్నీ కొస గాలికి రెపరెపలాడుతూ నేల మీదుగా పోతోంది.

కాలి కింద తాడు సర్రున పోయింది. శివరాములు వెల్లకిలా పడ్డాడు. లేచి చూసేసరికి సందు చివర ఒక ఎర్ర గీత, ఆ తర్వాత అదీ లేదు.

"అన్నా, ఎక్కు ఎక్కు!" అని హనుమాండ్లు ఆటో తిప్పాడు.

మెట్రో పిల్లర్ల కింద పంజాగుట్ట దిక్కు ట్రాఫిక్ అంతా హారన్లే. శివరాములు ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ, కనబడిన ప్రతివాడినీ "ఎర్ర కోటు కుక్క! ఎటు పోయింది?" అని అడిగాడు. అందరూ ముందుకే చెయ్యి చూపించారు. అందరూ నవ్వారు. జీవితమంతా మందిని చూసి నవ్విన మనిషి, తన మీద వాళ్లు నవ్వుతున్నారన్న సంగతే పట్టించుకోలేదు. ఆయన కళ్ల ముందు కాలు ఒక్కటే ఆడుతోంది, స్టీలు పట్టీ ఉన్న ఆ కాలు.

"కాలు నా పూచీ అన్నరా హనుమాండ్లూ. గాడిదను, గింత పెద్ద నోరు వేసుకొని అన్న."

"దొరుకుతది తియ్యన్నా."

పంజాగుట్ట చౌరస్తా దగ్గర దొరికింది. చున్నీ అమ్మాయి సిగ్నల్ దగ్గర ఆగిందట, కుక్క అందుకునే లోపల పచ్చలైటు పడి, వెనక ఏం వస్తోందో తెలియకుండానే ఫ్లైఓవర్ ఎక్కి వెళ్లిపోయిందట. బిజిలీ ఒక అద్దాల రెడీమేడ్ షోరూము మెట్ల కింద నిలబడి ఉంది. మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగోది గాల్లో ఉంది. పాదాలు చిట్లి రాళ్ల మీద నెత్తురు మరకలు. చుట్టూ జనం ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు.

శివరాములు జనాన్ని తోసుకుని వెళ్లాడు. పరుగులో జారిపోతున్న టేపును మెడలోంచి లాగి చేతిలో పట్టుకున్నాడు.

బిజిలీ ఆయన్ని చూసింది. ఆయన చేతిలో వేలాడుతున్న టేపును చూసింది. పారిపోలేదు. మెల్లగా కడుపు నేలకు ఆనించి పడుకుని, మెడ ముందుకు చాచి, వీపు అప్పగించి కళ్లు మూసుకుంది.

పందెంలో ఓడిపోయింది కదా మరి.

శివరాములు చేతిలోంచి టేపు జారిపోయింది. ఫొటోలో ఆయన చూడనిదంతా ఇప్పుడు కనబడింది. దాని పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఎవలతోని ఓడినవే పిచ్చిదానా? స్కూటీతోనా? దాంట్ల పెట్రోలు పోస్తరే! నిన్ను కొట్టుడేందే, నీ జాకెట్ కుట్టినోని చేతులు విరగ్గొట్టాలె!" అని ఏడ్చాడు. తిడుతూనే ఏడ్చాడు. ఆయనకు అదొక్కటే వచ్చు.

జేబులోంచి దారాలు కోసే చిన్న కత్తెర తీసి పట్టీ తెంపేశాడు. తన చేత్తో కుట్టిన బట్ట మీద కత్తెర పెట్టడం ఆయనకు అదే మొదలు. కోటు ఊడిపోగానే బిజిలీ వణుకు ఆగింది. కళ్లు తెరిచి, చుట్టూ చూసి, తల ఆయన ఒళ్లో పెట్టింది.

"రెడీమేడ్ షాపు ముందర నన్ను కూసోవెడ్తివి గదనే," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. హనుమాండ్లు దాని కాళ్ల వైపు, ఆయన మెడ వైపు పట్టి ఆటోలోకి ఎత్తారు.

జంతువుల డాక్టర్ ఎక్స్‌రే తీసి, ఎముక నిలిచింది, నరం దెబ్బతిన్నదని చెప్పాడు. కాలు ఉంటుంది, కుంటు మాత్రం పోదు. శివరాములు అక్కడి నుంచే కొడుక్కు ఫోన్ చేసి, తప్పు ఎవరి మీదా పెట్టకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు.

కట్టు విప్పాక ఒక పొద్దున, చలి ఇంకా తగ్గలేదు, శివరాములు తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని బిజిలీని సందులోకి తీసుకొచ్చాడు. అది కుంటుతూ, ఆవులిస్తూ నడుస్తోంది. ఒంటి మీద బూడిద రంగు కోటు. మెడ దగ్గర ఇద్దరు దూరేంత సందు. ఒక పక్క జారి నేలను ఊడుస్తోంది. మార్కండేయ టైలర్స్ బోర్డు కిందే, గిరాకీలు చూస్తుండగానే.

అచ్యుతరావు బాల్కనీలోంచి వంగాడు. ఇలాంటి పొద్దు కోసం ఆయన ఎన్నాళ్లు కాచుకున్నాడో!

"ఏంటండీ టైలరు గారూ! మీ కుక్కకి రెడీమేడా? ఫిట్టింగ్ అస్సలు లేదే!"

సందు సందంతా శివరాములు నోటి వైపు చూసింది. ఆయన వంగి జారిన కోటును బిజిలీ వీపు మీదికి లాగాడు.

"అవును సార్, రెడీమేడే. దీనికి ఫిట్టింగ్ పడదు," అన్నాడు.