కోమలి అడగని వాయిదా

జూన్ ఇరవై, శుక్రవారం. ఆ పొద్దు కోమలి తిన్నది రాత్రి మిగిలిన సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి. అదీ నిలబడే తిన్నది. నగరిలో వాళ్ల వీధి చివర రొమ్ము పరీక్షల శిబిరం పెట్టారనీ, మధ్యాహ్నానికే ఎత్తేస్తారనీ పక్కింటి కుప్పమ్మ వచ్చి చెప్పింది. ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగులుతూ అప్పటికి చాలా రోజులైంది. మొగుడు మునీంద్రకు చెబితే "నీళ్లగడ్డ అయింటాదిలే, సొంటి అరగదీసి పూయి" అన్నాడు. అత్త సుబ్బులమ్మ "నాకూ వచ్చె, పోయె. నేనేమన్నా ఊరంతా చెప్పుకున్న్యానా?" అంది. అయినా శిబిరానికి తోడు మాత్రం అత్తే వచ్చింది. అక్కడి నర్సు రేవతి ఫోను నెంబరు అడిగింది. కోమలి నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"మా మునీంద్ర నెంబరు రాసుకోమ్మా. మగ్గాల మోతలో దీనికి ఫోను యాడ వినపడతాది?"

అందులో తప్పేమీ కనబడలేదు కోమలికి. మరమగ్గాల వీధిలో ఆడవాళ్లందరి నెంబరూ మొగుడి నెంబరే. గ్యాసుకైనా, బిడ్డల బడికైనా అంతే. నెల గడుస్తున్నా ఏ కబురూ రాలేదు. ఏమైనా ఉంటే చెప్పకుండా ఉంటారా అని మనసుకు సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడానికి తీరిక కూడా లేదు. తమిళుల ఆడి నెల అమ్మకాల కోసం చెన్నైకి పోవాల్సిన చీరలు మగ్గం మీదున్నాయి. మునీంద్ర సరుకుతో పుత్తూరుకు పోతే నేతకు దారం కండెలు చుట్టేదీ, తెగిన పోగులు అతికేదీ, మధ్యలో పొయ్యి మీద కూర మాడకుండా చూసేదీ ఆమే. ఎవరైనా "మీ ఆడమనిషి ఏం చేస్తాది?" అని అడిగితే మాత్రం "ఏం చేస్తాది, ఊరికే ఇంట్లో ఉంటాది" అంటాడు మునీంద్ర. ఆ మాట అనేటప్పుడు కూడా అతని చేతిలో ఉండేది ఆమె చుట్టిన కండే.

జూలై నడిమధ్యలో ఒక సాయంత్రం లోహిత వచ్చింది. తిరుపతి కాలేజీలో చదివే పిల్ల. శిబిరం వాళ్లు ఫోన్లకు పంపే సందేశాలు తయారుచేసే చోట పని నేర్చుకుంటోందట. అవి ఆడవాళ్లకు అర్థమవుతున్నాయా, భయం పుట్టిస్తున్నాయా అని ఇల్లిల్లూ తిరిగి అడుగుతోంది.

"నాకేం రాలేదు పాపా," అంది కోమలి, కండెల మిషను మీదినుంచి చూపు తిప్పకుండా.

లోహిత చేతిలోని ట్యాబులో పేరు వెతికింది. "వచ్చింది కదక్కా. మీరు మూడుసార్లు జవాబు కూడా ఇచ్చినారు. తిరుపతిలో రెండో పరీక్షకు రమ్మంటే వాయిదా అడిగినారు."

"నేనా?"

లోహిత ట్యాబు ఆమె వైపు తిప్పింది. మంచి తెలుగే. *మీ పరీక్షలో అనుమానం కనిపించింది. త్వరగా రెండో పరీక్ష చేయించుకోవాలి. రావడానికి 1, వాయిదాకు 2 పంపండి.* కింద జవాబు, రెండు. వారం తర్వాత మళ్లీ రెండు. మళ్లీ రెండు. పైన ఉన్న నెంబరు మునీంద్రది.

కోమలి చెవుల్లో మగ్గాల మోత ఒక్కసారిగా దూరమైంది. రెండోసారి పంపిన జవాబు పక్కనున్న తేదీనే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు మునీంద్ర పుత్తూరు నుంచి మల్లెపూలు తెచ్చాడు. ఊరికే తెచ్చాడు, ఏ పండగా లేదు. ఆమె మురిసిపోయి జడలో పెట్టుకుని, అతనికి ఇంకో దోసె పోసింది. రెండు నొక్కి పూలు తెచ్చాడా, పూలు తెచ్చి నొక్కాడా? దోసె తింటూ తన మొహం చూశాడా? ఆ రాత్రి తన పక్కన పడుకుని, ఆ గడ్డ మీద చెయ్యి పడినప్పుడు ఏమనుకున్నాడు? తన ఒంట్లో ఏముందో తనకు తెలియకముందే ఇంట్లో ఇంకొకరికి తెలుసు. తెలిసి, తెల్లారి "కండెలు చాల్లేదు, బిరీన చుట్టు" అన్నాడు.

చేతి కింద దారం పొంగి చిక్కుపడుతోంది. మిషను ఎలా ఆపాలో తెలియని లోహిత వేళ్లు కోసుకుంటున్నా ఆ దారాన్ని పట్టుకుని నిలబడింది. కోమలి తేరుకుని స్విచ్చి కట్టేసింది.

"బెదిరించినట్టు ఉండకూడదని, ఇంట్లో పనులుండే ఆడోళ్లకు వీలుగా ఉండాలని ఆ వాయిదా మేమే పెట్టినామక్కా," అంది లోహిత. "చదివేది ఎవరో అడగాలని మాకెవరికీ తోచలేదు. మీ నెంబరు చెప్పండి, ఇప్పుడే మారుస్తా."

కోమలికి మునీంద్ర నెంబరు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. తన నెంబరు రాలేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చివరికి లోహిత నెంబరుకు తన ఫోను నుంచి మిస్డ్ కాల్ ఇచ్చి, తెరమీద పడిన అంకెలను కొత్తవాళ్ల పేరు చదివినట్టు చదువుకుంది. కాసేపటికి ఆ ఫోనుకే సందేశం వచ్చింది. లోహిత తల పక్కకు తిప్పుకుంది. కోమలి ఒకటి నొక్కింది.

"సోమవారం పొద్దున తిరుపతి బస్టాండులో నేనే ఉంటానక్కా," అని చెప్పి వెళ్లింది ఆ పిల్ల.

దీపాలు పెట్టే వేళకు మునీంద్ర వచ్చాడు. కోమలి గొంతు పెంచలేదు. మగ్గాల మోతలో వినపడాలని దగ్గరికొచ్చి ఆ వాయిదాల సంగతి అడిగింది.

"సరుకు పోనీ, ఆమీట చూపిద్దామనుకున్న్యా," అన్నాడు చెప్పులు విప్పుతూ. "నీకు చెప్తే బెదురుకుంటావు, పని నిలిచిపోతాదని. మంచికేలే అనుకున్న్యా."

"మొదటిసారి అట్ల అనుకున్న్యావు. మూడోసారి ఏమనుకొని నొక్కినావయ్యా?"

మునీంద్ర ఆలోచించాడు. అబద్ధం చెప్పే మొహం కాదది, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు.

"ఏమీ అనుకోలేదు మే. ఫోను సద్దు వచ్చె, నొక్కేసినా."

కోమలి మగ్గాల కొట్టంలోకి వెళ్లింది. ఒక మగ్గం ఆపింది. రెండోదీ ఆపింది. సగం నేసిన చీర మగ్గం మీద అలాగే ఉంది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో కరెంటు పోయినప్పుడు తప్ప ఎప్పుడూ ఉండదు.

వంటింట్లోంచి అత్త కేకేసింది. "ఏందే, కరెంటు పాయనా?"

"కరెంటు ఉండాదత్తా," అంది కోమలి. బయటికొచ్చి, కొట్టం తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ పెట్టింది.