పడమటి రింగు

స్టూలు మీద నిలబడి బర్నబాస్ తూర్పు రింగుకు కట్టిన నిమ్మకాయను విప్పుతున్నాడు. మ్యాచికి ముందు కొలకర్రతో రింగు ఎత్తు చూడటం, వలను తడిమి చూడటం రిఫరీగా అతని అలవాటు. కుడి మోకాలికి పట్టీ, మెడలో నల్లతాడుకు విజిల్. ఎప్పుడో బంతి తగిలి ముందుపన్ను ఊడిపోవడంతో విజిల్‌ను ఎడమ దవడతో కరిచి పట్టుకుంటాడు. రేపల్లె నుంచి రోజూ రైలులో తెనాలి స్కూలుకు వచ్చి పిల్లలచేత డ్రిల్లు చేయిస్తాడు. జుట్టు నెరిసినా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఏటా వేసవిలో కరస్పాండెంటు పూర్ణచంద్రరావు సరేనంటేనే మళ్లీ కొలువు. బాపట్లతో ఈనాటి బాస్కెట్‌బాల్ ఫైనల్ ఆడుతున్న తెనాలి జట్టుకు పోషకుడూ ఆయనే.

నిమ్మకాయ స్కోరు బల్ల మీదికి చేరింది.

తూర్పు రింగులో వేస్తేనే జయమని, దానికి నిమ్మకాయ కట్టమని పూర్ణచంద్రరావుకు సిద్ధాంతి చెప్పాడు. మొదటి సగమంతా తెనాలి అటే వేసి ఆధిక్యం సంపాదించింది. పడమటి రింగుకు గురిపెట్టిన బాపట్లవాళ్ల కళ్లలో సాయంకాలపు ఎండ సూటిగా పడింది. ఆ సంగతి సిద్ధాంతికి తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

విరామం ముగిసింది. బర్నబాస్ తెనాలివాళ్లకు పడమటి వైపు చెయ్యి చూపాడు. ఎవరూ కదల్లేదు.

"మావాళ్లు ఇటే వేస్తారయ్యా," అన్నాడు పూర్ణచంద్రరావు కుర్చీలోంచి లేచి. "బాపట్లోళ్లకి లేని నొప్పి నీకేంటి?"

"మాకుందండి నొప్పి!" బాపట్ల కెప్టెన్ నవ్వాడు. "సగం ఎండ మేం తిన్నాం. మిగతాది మీరు తినండి."

"సగం అయ్యాక రింగులు మారాలండి సార్," అన్నాడు బర్నబాస్. "ఆడమన్నాక ఆడకపోతే ఓడినట్టే. ఇరవై, సున్నా."

"ఆ చెయ్యి దించు. లేకపోతే రేపట్నించి స్కూల్లో అడుగుపెట్టకు."

చెయ్యి దిగలేదు. రెండో చేత్తో, విరామంలో ఆటగాళ్లకు బత్తాయిలు కోసిన కత్తి అందుకుని, బల్ల మీదున్న నిమ్మకాయను అక్కడే రెండు చెక్కలు చేశాడు. గ్లాసు నీళ్లలో పిండుకుని గటగటా తాగేశాడు.

"అది పూజ చేసిన కాయయ్యా!"

"పుల్లగానే ఉందండి."

గ్యాలరీలో ఎవరో ఈల వేశారు. తెనాలి కెప్టెన్ ఆకాష్ ముఖం తుడుచుకుని లేచాడు. "పదండ్రా, అటుపక్కదీ రింగే కదా."

కొంతసేపటికి సూర్యుడు నీళ్లట్యాంకు వెనక్కి దిగిపోయాడు. చివరి బుట్ట పడమటి రింగులోనే పడి, తెనాలి గెలిచింది.

"మన దిష్టంతా ఆయన తాగేశాడు, అందుకే!" అని పూర్ణచంద్రరావు దండలు తెప్పించాడు. కానీ రేపు రావచ్చని మాత్రం అనలేదు. బర్నబాస్ అడగలేదు. మోకాలిపట్టీ విప్పి సంచిలో పెట్టుకుని, విజిల్ మెడలో ఉండగానే రేపల్లె రైలుకు నడిచాడు. దండల సందడిలో అతను గేటు దాటడం ఎవరూ చూడలేదు.

స్కోరు బల్ల మీద పిండేసిన నిమ్మచెక్కలు రెండూ బోర్లా పడి ఉన్నాయి. ఒకదాని మీద కుంకుమబొట్టు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ చీమలు చేరుతున్నాయి.