సహరచయిత పచ్చపెన్ను

కొత్త లిఫ్టు ఎక్కితే రెండు మీటలు ఒకేసారి నొక్కి చూస్తాను. ఎవరింటికైనా వెళ్తే తలుపు గడియ రెండుసార్లు వేసి తీస్తాను. ఏ ఫారం ఇచ్చినా వయసు దగ్గర ముందు సున్నా పెట్టి, అది ఒప్పుకుంటుందో లేదో చూశాకే అసలు వయసు రాస్తాను. పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని మరి. ఎదుటివాళ్ళు కట్టినదాన్ని పడగొట్టి జీతం తీసుకునే ఉద్యోగం. ఈ బుద్ధి పుట్టుకతో రాకపోయినా పుడకలతోనే పోయేలా ఉంది.

ఈ బుద్ధి వల్ల మా మేనేజరుకి ఏం జరిగిందో చెబుతాను. అందులో నా తప్పు సగమే.

ఏటా ఒకసారి సాఫ్ట్‌వేర్ నాణ్యత మీద పెద్ద సదస్సు జరుగుతుంది. నాలుగేళ్ళుగా మా ఆఫీసు తరఫున అక్కడ వినిపించిన ప్రసంగాలన్నీ నేను తయారుచేసినవే. పేరు మాత్రం మేనేజరుది. చివరి స్లైడులో, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాలతో "సహకరించిన బృందానికి కృతజ్ఞతలు" అని ఉండేది. ఆ బృందం నేనే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆయనకి మేం చాటుగా పెట్టుకున్న పేరు పచ్చపెన్ను. ప్రతి శుక్రవారం పైవాళ్ళకి వెళ్ళే రిపోర్టులో పని బాగుంటే ఆకుపచ్చ గడి, బాగాలేకపోతే ఎర్ర గడి ఉండాలి. మేం ఎర్రగా పంపినవి కూడా ఆయన బల్ల దాటేసరికి పచ్చబడేవి. "పైవాళ్ళ కంటికి ఇంపుగా ఉండాలమ్మా," అనేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లలకి జ్వరమంటే అడక్కుండానే సెలవిస్తాడు. కాకపోతే చదవడు. ఎంత లావు కాగితాల కట్ట ఇచ్చినా పేర్ల వరుస ఎక్కడుందో వెతికి, తన పేరు కనబడితే సంతకం పెట్టేస్తాడు.

ఈ ఏడు నేను ఎనిమిది నెలలు కూర్చుని ఒక పని చేశాను. ఎర్ర గళ్ళు ఎన్ని పచ్చబడ్డాయి, వాటి వెనక దాగిన బగ్గులు, అంటే ప్రోగ్రాములోని తప్పులు, ఎన్ని చివరికి జనం నెత్తిన పడ్డాయి అని ఆరా తీశాను. వంద గళ్ళు పచ్చబడితే అరవై మూడు బగ్గులై తిరిగొచ్చాయి. మనిషి పేరు ఎక్కడా పెట్టలేదు. ఇరవై రెండు స్లైడ్లు కట్టి ఇంట్లో అత్తయ్యకి చూపించాను. అత్తయ్య ముప్పై ఏళ్ళు కుట్టుమిషను మీద బతికిన మనిషి. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది.

"ఇన్నేళ్ళూ పైపైన చూపించావు. ఇప్పటికి లోపలి కుట్టు చూపించావు, బాగుంది," అంది. తర్వాత మొదటి స్లైడు మీద వేలు పెట్టింది. "పేరేదే?"

"మేనేజరు పెడతాడు అత్తయ్యా."

"ఎవరిది?"

ఒక్కసారి, ఒక్క కార్యక్రమ పత్రంలో నా పేరు అచ్చులో చూసుకోవాలని నాకెంత ఆశో అత్తయ్యకి తెలుసు.

మర్నాడు మేనేజరు నా స్లైడ్లు తీసుకుని సాయంత్రానికి తిరిగిచ్చాడు. "ఎర్ర గళ్ళు ఎక్కడికి పోతాయి?" అన్న నా శీర్షిక పోయి, "నాణ్యతా ప్రస్థానంలో సమగ్ర పరివర్తన" వచ్చి కూర్చుంది. ఆ అరవై మూడు బగ్గుల లెక్క చెప్పే పదకొండో స్లైడులో నా ఎర్ర గీతలన్నీ ఆకుపచ్చ రంగు పూసుకున్నాయి. ఆ గీతలు ఏం చెబుతున్నాయో చదవకుండానే పూశాడు మహానుభావుడు. మొదటి స్లైడులో ఆయన పేరుంది. నాది లేదు.

"ఈసారి సహరచయితగా నా పేరు పెడతానన్నారు కదా సార్?"

"వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా. ఇదిగో, రేపు సాయంత్రం అయిదింటికి గడువు. నువ్వే పంపించెయ్. నాకా ఫారాలూ అవీ చేతకావు."

మర్నాడు మధ్యాహ్నం ఆ ఫారం తెరిచాను. నాణ్యత సదస్సు వాళ్ళ ఫారం! కొత్త ఫారం ముందు పెట్టి టెస్టర్‌ని ఊరికే నింపమంటే ఎలా నింపుతుంది? అసలుది పంపే ముందు ఒకసారి ఉత్తుత్తిగా నింపి చూద్దామనుకున్నాను. ఫోన్ నంబరు తప్పనిసరి అని చుక్క పెట్టారు. దాన్ని కావాలనే ఖాళీగా వదిలేశాను. ఖాళీ ఉంది కాబట్టి ఫారం నన్ను వెనక్కి పంపాలి. పంపుతుందా లేదా అన్నదే నా పరీక్ష. మిగతా గళ్ళలో ఏదో ఒకటి ఉండాలి కదా అని వక్త దగ్గర నా పేరు రాశాను. సహరచయిత దగ్గర పచ్చపెన్ను అని కొట్టాను. సారాంశం మూడొందల మాటలకి తగ్గకూడదట. మామూలుగా అయితే "అఅఅఅ" అని నింపేసేదాన్ని. ఆ రోజు ఒళ్ళు మండి ఉంది. శుక్రవారం రిపోర్టు ఎలా పచ్చబడుతుందో మొదలుపెట్టి ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోయాను. ఫైలు జతచెయ్యమంటే నా పాత ఎర్ర స్లైడ్లే చేతికి తగిలాయి. బటన్ నొక్కాను.

"ధన్యవాదాలు. మీ ప్రసంగం అందింది. ఒక ఆఫీసు నుంచి ఒకటే తీసుకుంటాం. ఇకపై మార్పులు కుదరవు."

తప్పనిసరి గడి ఖాళీగా ఉన్నా తీసేసుకుంది ఆ దిక్కుమాలిన ఫారం! నాణ్యత గురించి అందరికీ పాఠాలు చెప్పేవాళ్ళు తమ ఫారాన్ని ఒక్క టెస్టర్‌కీ చూపించుకోలేదు. వెంటనే నిర్వాహకులకి మెయిల్ రాశాను. బగ్గు ఏమిటి, మళ్ళీ ఎలా పుట్టించాలి, ఎంత తీవ్రమైనది, అన్నీ వరసగా, తెర ఫొటోతో సహా. పంపాక చదువుకుంటే, నా దరఖాస్తు రద్దు చెయ్యండి అన్న ముక్క అందులో లేనే లేదు. గంటలో జవాబొచ్చింది. "మంచి బగ్గు పట్టారు. సరిచేశాం."

మళ్ళీ రాయొచ్చు. రాయలేదు. మర్చిపోయానని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

"పంపావా?" అన్నాడు మేనేజరు సాయంత్రం.

"పంపాను సార్," అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మూడు వారాలకి ఎంపికైందని కబురొచ్చింది. వెనకే కార్యక్రమ పత్రం వచ్చింది. అచ్చులో నా పేరు. దాని కింద, సహరచయిత: పచ్చపెన్ను. మా జట్టంతా కంప్యూటర్ల వెనక తలలు దాచుకుని నవ్వుతుంటే, ఆయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. ఆయన ఒక్క మెయిల్ రాస్తే చాలు, ప్రసంగం రద్దు, నా పేరూ రద్దు.

"నా పేరేదమ్మా?"

"రెండోది మీదే సార్. ఫారం పరీక్షిస్తుంటే ఆ మారుపేరు పడిపోయింది. మార్చడం కుదరదట."

ఆయన ముఖం ముడుచుకుంది. ఏదో అనబోయాడు. ఇంతలో ఆఫీసు మొత్తానికి అధికారి అయిన పెద్ద మేడమ్ అటుగా వెళ్తూ ఆగింది. "మనది ఎంపికైందటగా! నేనూ వస్తున్నాను వినడానికి."

"అందులో నేనూ ఉన్నాను మేడమ్," అనేశాడు ఆయన, ముఖం చేటంత చేసుకుని. పేర్ల కింద రెండు వేళ్ళ దూరంలోనే సారాంశం ఉంది. కన్ను అటు పోలేదు. "రెండోదైతే అయిందిలే. స్లైడులో అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి," అని వెళ్ళిపోయాడు.

సదస్సు హాల్లో మూడొందల మంది టెస్టర్లు. సగంమంది కుర్చీ ఊపి చూశాకే కూర్చున్నారు. నేను మొదలుపెట్టగానే మేనేజరుకి ఫోన్ వచ్చింది. చెవికి ఆనించుకుని బయటికి వెళ్ళిపోయాడు. పచ్చపెన్ను అంటే ఏం చేస్తుందో చెప్పగానే హాలు ఘొల్లుమంది. "మా దగ్గర ఇద్దరున్నారు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పదకొండో స్లైడు ఎర్రగా తెర మీదికి రాగానే నవ్వులు ఆగిపోయాయి. చివర, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాలతో "సహకరించిన పచ్చపెన్నుకు కృతజ్ఞతలు". పదకొండోది మళ్ళీ చూపించమని ఎవరో అడిగితే దాన్నే వేసి నిలబడ్డాను. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు విని మేనేజరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. సభాధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "ఇంతకీ ఆ సహరచయిత పచ్చపెన్నుగారు సభలో ఉన్నారా?" సరదాకి అడిగాడు పాపం.

మేనేజరు చెయ్యి పైకి లేచింది. చెప్పొద్దూ, ఆయన్ని ఆపుదామని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం అయిపోయింది.

"నేనేనండీ! మొత్తం నా చలవే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, చెయ్యెత్తి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. హాలు విరగబడి నవ్వింది, మళ్ళీ చప్పట్లు కొట్టింది. ఆయన అటూ ఇటూ తిరిగి తల వంచి అవన్నీ అందుకున్నాడు. రెండో వరసలో పెద్ద మేడమ్ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. తెర మీది ఎర్ర గీతల్ని చూసింది. మళ్ళీ ఆయన్ని చూసింది. అప్పుడు ఆయన కూడా తెర వంక చూశాడు. ఈ నాలుగేళ్ళలో ఆయన ఒక స్లైడు పూర్తిగా చదవడం అదే మొదలు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నవ్వే ముందొచ్చింది.

ఇంటికొచ్చి కార్యక్రమ పత్రం అత్తయ్య చేతికిచ్చాను. అలవాటుగా ముందు తిరగేసి చూసింది. తర్వాత నా పేరు దగ్గర బొటనవేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

ఆ శుక్రవారం రిపోర్టు పైకి వెళ్ళే ముందు నా బల్ల మీదికి వచ్చింది. ఏడు ఎర్ర గళ్ళు ఎర్రగానే ఉన్నాయి. పక్కనే మేనేజరు నిలబడి ఉన్నాడు.

"వచ్చే ఏటి ప్రసంగానికి నా పేరు వద్దులే అమ్మా," అన్నాడు.

"రెండోదిగా కూడానా సార్?"

"కృతజ్ఞతల్లో కూడా వద్దు."