పడిన మారప్పకు పసుపునీళ్ళు

చావడంలో అంచెట్టి మారప్ప మొనగాడు. ఇరవై ఏళ్ళుగా ఊరి వీధినాటకంలో దుర్యోధనుడు ఆయనే. తొడ విరిగి పడ్డాడంటే రెప్ప కూడా కదలదు. అక్క మునిలక్ష్మమ్మ వచ్చి మొహాన పసుపునీళ్ళు చల్లి, "లెయ్యప్పా" అనాలి. అప్పుడే లేస్తాడు. నీళ్ళు పడకుండా లేస్తే ఆ చావు మనిషిని వదలదని ఆ ఊరి నమ్మకం. తల్లిలేని తమ్ముణ్ణి పెంచిన మనిషి, ఆ చెంబు ఇంకొకరి చేతికిస్తుందా!

తొంభై ఆరులో మద్రాసులో మొదటి షూటింగు. రౌడీ వేషం, తూటా తగిలి పడాలి. పడ్డాడు. డైరెక్టరు కట్ అన్నాడు, లైట్లు ఆర్పేశారు, మారప్ప కదిలితేనా! నీళ్ళ కోసం చూస్తున్నాడు పాపం. ఎవరో హడలిపోయి తట్టి లేపితే సిగ్గుపడుతూ లేచాడు. అందరూ పడీపడీ నవ్వారు. కానీ ఆ పడడం చూసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ పిలిచారు. ఎనిమిదేళ్ళలో పదిహేడు సినిమాల్లో చచ్చాడు. అక్కకు మాత్రం పోలీసు వేషమనీ, డాక్టరు వేషమనీ చెప్పుకొచ్చాడు. నిజం తెలిస్తే ఆమె వద్దంటుంది. ఆమె వద్దంటే ఇక మద్రాసు మాటే లేదు.

పద్దెనిమిదో సినిమా హోసూరు టాకీసుకొచ్చింది. మొదటిసారి పెద్ద వేషం, హీరో తండ్రి, బోలెడు డైలాగులు. "నేనూ వస్తానప్పా" అంది అక్క. మారప్ప గుండె జారింది. ఆ తండ్రి చివర్లో చచ్చిపోతాడు మరి!

మ్యాట్నీలో తన డైలాగు ఒక్కటీ చెవికెక్కలేదు. అక్క మొహమే చూస్తూ కూర్చున్నాడు. చివరికి తెరమీది మారప్ప కుప్పకూలాడు. అక్క లేచింది. సంచిలోంచి సీసా తీసి, తెర దాకా నడిచి, పసుపునీళ్ళు చల్లింది.

"లెయ్యప్పా!"

హాలంతా ఈలలు. మారప్పకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"నీకెట్ల తెలుసక్కా?"

"రెండేండ్ల కింద కృష్ణగిరిలో నీ సినిమా ఒకటి చూసినాను. ఆ పొద్దు చేతిలో నీళ్ళు లేవు. ఇంటికొచ్చి ఎంత ఏడ్చినానో నాకే తెలుసు." సీసా ఊపి చూసింది, సగముంది. "మిగతావి యాడాడ ఆడతా ఉండాయో చెప్పు, పోతాం."

"మద్రాసుకు పోవద్దనవా?"

"ఎందుకంటాను? ఇంకమీద నాకు చెప్పి పడు, అంతే."