విటోమీర్ అంటుకత్తి

ల్యూబిసావ్ పోయినందుకు విటోమీర్ నిజంగానే బాధపడ్డాడు. నలభై ఏళ్లుగా పక్క ఇల్లు, పక్క తోట. కొవ్వొత్తి పట్టుకుని శవపేటిక దగ్గరికి వెళ్లేసరికి కళ్లు చెమర్చాయి కూడా. సరిగ్గా అప్పుడే శవం కుడిచేతి పక్కన తన అంటుకత్తి కనిపించి, ఆ తడి కాస్తా ఆరిపోయింది.

ప్లమ్ చెట్లకు అంటు కట్టే మడతకత్తి అది. దాని పిడిని విటోమీర్ బేరిచెట్టు కర్రతో తనే చెక్కుకున్నాడు. ముప్ఫై వసంతాలు పట్టుకుని పట్టుకుని, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడింది. నాలుగేళ్ల క్రితం ఒక్క పూటకని ల్యూబిసావ్ తీసుకెళ్లాడు. అడిగినప్పుడల్లా రేపు అన్నాడు. విసిగిపోయి విటోమీర్ కొత్తది కొన్నాడు గానీ, దానితో కోస్తే కొమ్మ తెగేది కాదు, నలిగేది. కట్టిన అంటుకొమ్మల్లో సగం ఎండిపోయేవి.

పేటికలో కళ్లజోడు, పొగాకు, కత్తి సర్దింది ల్యూబిసావ్ భార్య దెసాంక. పోయినవాళ్లకు ప్రాణమైనవి వెంట పంపడం ఆ ఊరి ఆచారం. పెట్టినదాన్ని తియ్యమని అడిగే మొగాడు ఇంకా పుట్టలేదు. అక్కడ అంటు కట్టే పని ఉంటుందంటావా అని విటోమీర్ మెల్లగా కదిపి చూశాడు. ఉండదని నీకెవరు చెప్పారని దెసాంక అడిగింది.

మూత వేసే ముందు అందరూ ఒక్కొక్కరే వంగి నుదుటిమీద ముద్దు పెడతారు. విటోమీర్ కాస్త ఎక్కువసేపే వంగాడు. లేచేసరికి కొత్త కత్తి పేటికలో ఉంది, పాత కత్తి అతని కోటు జేబులో ఉంది. ఆ స్నేహం చూసి వెనకనున్న ఆడవాళ్లు ఇంకాస్త ఏడ్చారు.

మూడు వారాలకు దెసాంక తోటలోకి వచ్చింది. అప్పటికి విటోమీర్ పన్నెండు అంట్లు కట్టాడు. పన్నెండిటికీ మొగ్గ కదిలింది. ఆమెను చూడగానే కత్తిని బల్లమీద టోపీ కింద పెట్టాడు.

"అన్నయ్యా, ఆయన కల్లోకొచ్చాడు," అంది దెసాంక. "చేతిలో కొమ్మ పట్టుకుని కూచున్నాడు. కత్తి తెగట్లేదంట."

"సాన పెట్టుకోమను."

"నేనూ అదే అన్నా. నాకు చేతకాదు, విటోమీర్‌ని ఓసారి రమ్మను అన్నాడు."

పోయినవాళ్లు పిలిస్తే ఏమవుతుందో ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. ఎప్పటిలోగా రమ్మన్నాడని విటోమీర్ అడిగాడు.

"తొందరేం లేదన్నాడు. అంటు కట్టే కాలం దాటకముందు వస్తే చాలంట."

దెసాంక టోపీ వంకే చూస్తూ ఒక గ్లాసు రాకియా సారా తాగింది. మిలూంక అవ్వకు ఒంట్లో బాగోలేదని చెప్పి వెళ్లిపోయింది.

పేటికలో పెట్టడం మరిచిపోయినవాటిని తర్వాత పోయేవాళ్లతో పంపడం కూడా ఆచారమే. తొంభై రెండేళ్ల మిలూంక అవ్వ మంచం పక్కన అప్పటికే ఒక బుట్ట తయారుగా ఉంది. అందులో ఎవరివో కట్టుడుపళ్లు, ఇంకెవరిదో పొగ తాగే గొట్టం.

ఆ సాయంత్రం దాకా విటోమీర్ దొరికిన కొమ్మకల్లా అంటు కట్టాడు. అవసరం లేని బేరిచెట్టుకీ కట్టాడు. తర్వాత కత్తి తుడిచి, తోలుమీద పదును పెట్టి, మర్నాడు పొద్దున్నే అవ్వ దగ్గరికి వెళ్లాడు. ఇవ్వబుద్ధి కాలేదు. పిడి గుంటలో బొటనవేలు పెట్టి కాసేపు అలాగే కూచున్నాడు.

"ల్యూబిసావ్‌కా?" అంది అవ్వ. "ఇస్తాలే. కానీ వాడు తీసుకున్నది మళ్లీ ఇచ్చే రకం కాదు, తెలుసుగా."

"తెలుసు," అన్నాడు విటోమీర్, కత్తిని బుట్టలో పెడుతూ. "నేనొచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పు. నాకేం తొందర లేదని మాత్రం గట్టిగా చెప్పు."