మధ్యాహ్నపు త్రేన్పులు

టీ కప్పు మీద మూత పెట్టేసి, ఆమె రెండు కేటలాగులనూ తెర మీద పక్కపక్కన తెరిచింది. రెండూ ఒకే కొండ చుట్టూ, ఒకే కాలంలో వచ్చిన భూకంపాల జాబితాలే. ఒకటి ఈ ఆఫీసు పెద్దాయనది, రెండోది ఇక్కడే పనిచేస్తూ చనిపోయిన అన్నయ్యది. కొండ కింద ఆసుపత్రి కట్టబోయే ఇంజనీర్లు సాయంత్రానికల్లా ఒకటి పంపమన్నారు. ఏది పంపాలో తేల్చాల్సింది ఆమే.

పళ్ళు బిగబట్టుకుని ఎదురుచూసిన రోజు ఇది. పెద్దాయనకు ఆఫీసులో ఆఖరి రోజు. పక్క హాల్లో కుర్చీలు సర్దుతున్నారు.

అన్నయ్య చిన్న చిన్న కంపనాలను కూడా ఓపిగ్గా ఏరి రాసేవాడు. పెద్దాయన నవ్వాడట. “క్వారీలో మందు పేలుస్తున్నారయ్యా. సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకే వస్తున్నాయి చూడు. భూకంపాలు కావివి, త్రేన్పులు!” తన కేటలాగులో మధ్యాహ్నంవన్నీ కొట్టేశాడు. అన్నయ్య గడియారం గురించి ఏదో చెప్పబోతే ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత అన్నయ్య క్యారేజీ విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు కావాలని త్రేన్చేవారు. చివరికి కింద సామాన్ల గదికి మార్చారు. గుండె ఆగి పోయాడన్నారు డాక్టర్లు. అవమానంతో పోయాడని ఆమె నమ్మకం. ఇవన్నీ అన్నయ్య ఇంట్లో చెప్పలేదు. ఆమె ఇక్కడ చేరాక పాతవాళ్ళే నవ్వుకుంటూ చెప్పారు.

వరసలు చూస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. అప్పటి యంత్రాల గడియారాలు ప్రపంచ సమయం, అంటే గ్రీనిచ్ సమయం చూపేవి. వాటికి ఐదున్నర గంటలు కలిపితేనే ఇక్కడి సమయం. అన్నయ్య కలిపాడు, పెద్దాయన కలపలేదు. ఆయన మధ్యాహ్నమని కొట్టేసినవన్నీ సాయంత్రం, క్వారీ మూసేశాక వచ్చిన అసలు భూకంపాలు. పొద్దుటివనుకుని ఆయన ఉంచుకున్నవాటిలో అసలు మధ్యాహ్నపు పేలుళ్ళున్నాయి. ఆమెకు ఒళ్ళంతా హాయిగా అనిపించింది.

అన్నయ్యదే ఎందుకు పంపుతోందో కారణం రాసి, కాగితం మీద అచ్చు తీసి, పెద్దాయనను పిలిచి మరీ చేతికిచ్చింది. ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు. పిడికి నల్లదారం చుట్టిన ఆ అద్దం అన్నయ్యదే. బల్ల ఖాళీ చేయించిన రోజున ఆయన తీసేసుకున్నాడు.

“నాది పాతబడింది, అందుకే మార్చామని రాయమ్మాయ్. చాలు.”

“గంటలు కలపలేదని రాశాను సార్.”

“వెళ్ళిపోతున్నవాణ్ణి. ఈ ఒక్కపూటకీ వదిలెయ్యలేవా?”

“మా అన్నయ్యను ఒక్కపూటైనా వదిలారా?”

ఆయన కుర్చీలో కూర్చుని భూతద్దాన్ని వరసల మీదుగా జరిపాడు. “నాకు తర్వాత తెలిసింది. అప్పటికే అతన్ని కిందికి పంపేశాం. ఎలా చెప్పను?”

“మెట్లు దిగి చెప్పాల్సింది సార్.”

ఆయన చేతిలోవి బల్ల మీద పెట్టేసి లేచి హాల్లోకి వెళ్ళాడు. ఆమె అన్నయ్య కేటలాగును ఇంజనీర్లకు పంపేసింది. కసి తీరుతుందనుకుంది, తీరలేదు. ఇంతలో మైకులో ఎవరో పెద్దాయన చమత్కారాలు తలుచుకుంటూ త్రేన్పుల జోకు ఎత్తుకున్నారు. హాలంతా ఘొల్లుమంది.

ఆమె అదే కారణాన్ని ఆఫీసులో ఒక్కరినీ వదలకుండా అందరికీ పంపింది.

హాల్లో ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి. నవ్వు సన్నగిల్లి ఆగిపోయింది. కాసేపటికి పెద్దాయన ఒక్కడే వరండాలో గోడ పట్టుకుని నడుస్తూ, ఆమె గది దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె పిలవలేదు.

బల్ల మీద కాగితం, దాని మీద నల్లదారం పిడి భూతద్దం. అద్దం కింద ‘సాయంత్రం’ అన్న మాట ఒక్కటే పెద్దగా కనిపిస్తోంది.